తుప్పు చెబుతూనే ఉంటుంది, వినేదెవరు?

ఈసారి కాస్త పెద్ద ఉత్తరమే రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి. విషయం తుప్పు. ఇదేం విషయం అని పక్కన పెట్టేయకండి. వచ్చే సర్వసభ్య సమావేశంలో మనం చేతులెత్తి ఒప్పుకోబోయే ఒక ఖర్చుకి దీనితో నేరుగా సంబంధం ఉంది. అదేమిటో చివర చెబుతాను. ముందు ఒకసారి రామేశ్వరం వెళ్ళొద్దాం.

మనవాళ్ళలో రామేశ్వరం వెళ్ళనివాళ్ళు తక్కువ. 2023లో, 2024లో వెళ్ళినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది, రైలు రామేశ్వరం దాకా పోలేదు. మండపంలోనో రామనాథపురంలోనో దిగి, సామాను మోసుకుని, బస్సెక్కి, పక్కనున్న రోడ్డు వంతెన మీదుగా పోవలసి వచ్చింది. ముసలివాళ్ళు, చంటిపిల్లల తల్లులు చాలా ఇబ్బంది పడ్డారు. విసుక్కోవడంలో తప్పులేదు. కానీ ఆ అవస్థ వెనక జరిగినది, నా దృష్టిలో, తుప్పు విషయంలో మన దేశంలో జరిగిన మంచి పనుల్లో ఒకటి.

పాంబన్ పాత రైలు వంతెన 1914 ఫిబ్రవరి 24న మొదలైంది. రెండు కిలోమీటర్లకు పైగా పొడవు, అంతా సముద్రం మీదే. మధ్యలో ఓడలకు దారి ఇవ్వడానికి రెండు రెక్కల్లా పైకి లేచే భాగం ఒకటి. 1964 డిసెంబరు తుపానులో, ధనుష్కోడి ప్యాసింజరు కొట్టుకుపోయిన ఆ రాత్రి, ఈ వంతెన గర్డర్లు చాలావరకు సముద్రం పాలయ్యాయి. అప్పటికి ఇంకా యువ ఇంజనీరుగా ఉన్న ఇ. శ్రీధరన్ గారి ఆధ్వర్యంలో 46 రోజుల్లో దాన్ని మళ్ళీ నిలబెట్టారు. ఇది అందరికీ తెలిసిన కథే. అంతగా తెలియని సంగతి ఒకటుంది. అంత తుపానులోనూ మధ్యనున్న ఆ లేచే భాగం చెక్కుచెదరలేదు. గాలి, అలలు కదల్చలేని ఆ భాగాన్నే చివరకు తుప్పు ఆపేసింది.

2018 డిసెంబరులో ఆ భాగంలో పగులు కనబడి దాదాపు మూడు నెలలు రైళ్ళు ఆపారు. బాగుచేసి మళ్ళీ నడిపారు. ఆ తరువాత ఐఐటీ మద్రాసు వాళ్ళు వంతెన మీద సెన్సర్లు అమర్చారు. రైలు పోతున్నప్పుడు ఇనుము ఎంత సాగుతోంది, ఎంత అదురుతోంది, పక్కకి ఒరుగుతోందా, ఇలాంటివి రాత్రీ పగలూ చూస్తూ ఉండే ఏర్పాటు అది. 2022 డిసెంబరు 23న ఆ సెన్సర్లు ప్రమాద హెచ్చరిక పంపాయి. ఆ రోజే రైళ్ళు ఆపేశారు. వెళ్ళి చూస్తే లేచే భాగం తుప్పుతో బాగా చెడిపోయి ఉంది. ఇక ఆ వంతెన మీద ప్రయాణికుల రైలు పోలేదు. 2025 ఏప్రిల్ 6న పక్కనే కొత్త వంతెన ప్రారంభమయ్యేదాకా రెండేళ్ళ పైచిలుకు రామేశ్వరానికి రైలు లేదు.

ఒక్క నిమిషం ఆలోచించండి. నూట ఎనిమిదేళ్ళ వంతెన. రోజూ యాత్రికులు. ఉత్తరాది నుంచి కూడా రైళ్ళు వచ్చే పుణ్యక్షేత్రం. అలాంటి లైనును ఒక పరికరం మాట మీద అదే రోజు ఆపడమంటే మాటలు కాదు. ఆపినవాడి మీద ఎన్ని ఫోన్లు వచ్చి ఉంటాయో, ఉద్యోగం చేసిన నాలాంటివాడు ఊహించగలడు. ఏమీ జరగలేదు కాబట్టి దాన్ని ఎవరూ గొప్పగా చెప్పుకోలేదు. ప్రమాదం జరిగితే వారం రోజులు పేపరు నిండా ఉంటుంది. జరగకుండా ఆపితే నాలుగు లైన్ల వార్త.

ఈ సెన్సర్ అంటే ఏమిటో, తుప్పును ఎలా పడుతుందో మన ఇళ్ళలో తెలిసే భాషలో చెబుతాను. నేను ఇంజనీరును కాను, గుమాస్తాను. చదివింది తమిళ మీడియం. తెలుగు ఇంట్లో నేర్చుకున్నది. అందువల్ల ఒక చిన్న లాభం ఉంది, ఏ మాటనైనా రెండు వైపుల నుంచీ చూసే అలవాటు. తెలుగులో మనం తుప్పు అంటాం. అంటే పైకి కనబడే ఎర్రటి పొడి. తమిళంలో తురు అన్న మాట ఉంది గానీ, శాస్త్రం పుస్తకాల్లో అరిమానం అని రాస్తారు. చెదపురుగు తలుపును లోపల్నుంచి తినేస్తే వాళ్ళు 'అరిత్తు విట్టదు' అంటారు. ఆ మాటలోంచి వచ్చిందే అరిమానం. తెలుగు మాట కంటికి కనబడేదాన్ని చెబుతుంది, తమిళ మాట లోపల జరిగేదాన్ని చెబుతుంది. సెన్సర్ల పని రెండోదాన్ని పట్టుకోవడం. ఎర్ర పొడి కనబడటానికి కళ్ళు చాలు. లోపల ఎంత తినేసిందో తెలియాలంటే కొలవాలి.

కొలిచే దారులు చాలా ఉన్నాయి. సులభంగా అర్థమయ్యేవి నాలుగు చెబుతాను.

మొదటిది, అరిగే తీగ. వంతెనకో గొట్టానికో వాడిన ఇనుములాంటిదే సన్నని ముక్క ఒకటి అక్కడే పెడతారు. సబ్బుబిళ్ళ అరిగినట్టు తుప్పు వల్ల అది సన్నబడుతుంది. సన్నబడిన కొద్దీ అందులో కరెంటు పోవడానికి అడ్డు ఎక్కువవుతుంది. ఆ అడ్డును కొలిస్తే ఎంత ఇనుము పోయిందో లెక్క తేలుతుంది.

రెండోది, రాగి ముక్క, మైలుతుత్తం నీళ్ళు. కాంక్రీటు లోపల ఉన్న కడ్డీలకు ఈ పద్ధతి. తుప్పు పట్టడమంటే నిజానికి చిన్న బ్యాటరీ నడవడమే. ఇనుములో ఒక చోటు నుంచి ఇంకో చోటుకి కరెంటు పారుతుంది. మైలుతుత్తం నీళ్ళలో రాగి ముక్క ఉన్న గొట్టాన్ని కాంక్రీటు మీద ఆనించి, లోపలి కడ్డీతో పోల్చి వోల్టేజి చూస్తారు. మైనస్ 350 మిల్లీవోల్టుల కంటే ఇంకా కిందికి పోతే, అక్కడ తుప్పు పని చేస్తూ ఉండటానికి నూటికి తొంభై పాళ్ళు అవకాశం. మైనస్ 200 కంటే పైన ఉంటే, లేకపోవడానికి తొంభై పాళ్ళు అవకాశం. మధ్యలో ఉంటే ఏదీ గట్టిగా చెప్పలేం. ఇలాంటి పరికరాన్ని కట్టేటప్పుడే కాంక్రీటులో పూడ్చిపెట్టి, ఏళ్ళ తరబడి చూసుకునే ఏర్పాటు కూడా ఉంది. ఈ పరిశోధన మన కారైక్కుడిలోనే జరుగుతోంది. అక్కడి కేంద్ర విద్యుత్ రసాయన పరిశోధన సంస్థకు అళగప్ప చెట్టియార్ గారు 300 ఎకరాలు, 15 లక్షల రూపాయలు ఇస్తే, 1953 జనవరి 14న అప్పటి ఉపరాష్ట్రపతి, మన తిరుత్తణి రాధాకృష్ణన్ గారు ప్రారంభించారు. ఆ సంస్థ వాళ్ళు మండపంలోనే, సముద్రపు గాలిలో లోహపు ముక్కలు పెట్టి ఎంత తుప్పు పడుతుందో పరీక్షలు చేస్తారు. ఉప్పుగాలి గురించి తెలుసుకోవడానికి అంతకంటే మంచి బడి ఎక్కడ దొరుకుతుంది?

మూడోది, శబ్దం. ఇనుము మీద ఒక పక్క నుంచి మనకు వినబడని శబ్దం పంపితే అది అవతలి అంచుకు తగిలి తిరిగొస్తుంది. ఉక్కులో శబ్దం సెకనుకు సుమారు 5,900 మీటర్లు పోతుంది కాబట్టి, తిరిగొచ్చిన సమయాన్ని బట్టి మందం ఎంతో తెలుస్తుంది. పట్టాల మీద చిన్న బండి తోసుకుంటూ పోయే రైల్వే మనుషుల్ని మీరు చూసే ఉంటారు. వాళ్ళు చేసేది ఇదే జాతి పరీక్ష, పట్టాల లోపలి పగుళ్ళ కోసం. మందం కొలిచే యంత్రం ఇప్పుడు చేతిలో పట్టేంత చిన్నది, కొన్ని వేల రూపాయల్లో దొరుకుతుంది.

నాలుగోది, పాంబన్‌లో చేసినట్టు, తుప్పును కాకుండా తుప్పు ఫలితాన్ని చూడటం. ఇనుము సన్నబడితే అదే బరువుకి ఎక్కువ సాగుతుంది, ఎక్కువ అదురుతుంది. ఆ తేడాను పట్టుకోవడం.

ఇవేవీ ఆకాశం నుంచి ఊడిపడలేదు. సెన్సర్లు లేని రోజుల్లో వంతెనల మీద రివెట్లను చిన్న సుత్తితో తట్టి, రెండో వైపు వేలు ఆనించి చూసేవాళ్ళు. గట్టిగా ఉన్న రివెట్టు ఒక రకంగా పలుకుతుంది, వదులైనది ఇంకో రకంగా. ఆ మనిషి వేలే సెన్సర్, చెవే సెన్సర్. ఇప్పటి యంత్రం ఆ వేలికి నిద్ర లేకుండా చేసింది, అంతే. వేలు ఏడాదికి ఒకసారి వచ్చేది, యంత్రం అక్కడే కూర్చుంటుంది.

ఇంతవరకు చదివి, 'అయితే అన్నిచోట్లా సెన్సర్లు పెట్టేస్తే సరిపోయె' అని మన గ్రూపులో కుర్రాళ్ళు అంటారని తెలుసు. కిందటి నెల అలాంటి వీడియో ఒకటి అందరికీ పంపారు కూడా. ఇక్కడే నా అభిప్రాయం వేరు. సెన్సర్ తుప్పును ఆపదు. చెబుతుంది. చెప్పింది విని, ఆపే అధికారం ఉన్న మనిషి అవతల ఉంటేనే దానికి విలువ. ఆ మనిషి లేకపోతే, మూలన ఎర్రగా వెలిగే ఇంకో దీపం అది. దీనికి రెండు ఉదాహరణలు, ఒకటి దూరానిది, ఒకటి మనవాళ్ళది.

ఇటలీలో జెనోవా నగరంలో ఒక పెద్ద రోడ్డు వంతెన 2018 ఆగస్టు 14న, వాన పడుతూ ఉండగా కూలిపోయింది. 43 మంది చనిపోయారు. దాన్ని పట్టి నిలిపే ఉక్కు తీగలను కాంక్రీటులో పొదిగి కట్టారు. పైకి కాంక్రీటు కనబడుతుంది, లోపల ఉక్కు ఎంత పోయిందో కంటికి తెలియదు. ఆ ముందు ఏడాదే మిలాన్ సాంకేతిక విశ్వవిద్యాలయం వాళ్ళు ఆ స్తంభాల దగ్గర ఏదో తేడాగా ఉందని, ఎప్పుడూ గమనిస్తూ ఉండే పరికరాలు పెట్టమని సలహా ఇచ్చారు. కూలేనాటికి అవి పెట్టలేదు. చదువుకున్నవాళ్ళు, డబ్బున్నవాళ్ళు, వంతెన మీద టోలు వసూలు చేసేవాళ్ళు. అయినా సలహా కాగితం మీదే ఉండిపోయింది.

రెండోది మన కోనసీమది. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం అనే ఊళ్ళో గ్యాస్ గొట్టం పేలి 20 మందికి పైగా చనిపోయారు. ఇళ్ళు, కొబ్బరి చెట్లు కాలిపోయిన ఆ ఫొటోలు మీరంతా చూశారు. మన సంఘంలో ఆ జిల్లాల వాళ్ళు చాలామందే ఉన్నారు. తేమ లేని గ్యాస్ కోసం ఉద్దేశించిన గొట్టంలో నీళ్ళు కలిసిన గ్యాస్ పోవడం, ఆ నీళ్ళు లోపల నిలిచి గొట్టాన్ని లోపలి వైపు నుంచి తినేయడం కారణమని ఆ తరువాత విచారణలో తేలింది. గొట్టం భూమి లోపల, తుప్పు గొట్టం లోపల. ఎవరి కంటికి కనబడుతుంది? కానీ ముక్కుకి తెలుస్తుంది. గ్యాస్ వాసన వస్తోందని, కారుతోందని ముందే చెప్పామని ఆ ఊరివాళ్ళు అన్నట్టు అప్పట్లో పత్రికల్లో వచ్చింది. ఒక్కసారి ఆలోచించండి. గొట్టాల లోపల పంపే పరికరాలున్నాయి. గ్యాస్ తోపాటే లోపల ప్రయాణం చేస్తూ గోడ మందం కొలుచుకుంటూ పోతాయి. అంత గొప్ప యంత్రాల కంటే ముందు అక్కడ ఊరిజనం ముక్కులు సెన్సర్లుగా ఉన్నాయి. ఆ ముక్కుల మాటకి సమయానికి చెవి దొరకలేదు. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగాయని మనం అంటాం. అక్కడ కుక్కలు ముందే మొరిగాయి, ఇంటివాళ్ళే లేవలేదు.

మూడూ పక్కపక్కన పెట్టి చూడండి. జెనోవాలో సెన్సర్ పెట్టమన్నారు, పెట్టలేదు. నగరంలో మనుషులు చెప్పారు, పట్టించుకోలేదు. పాంబన్‌లో పెట్టారు, అది చెప్పింది, ఆ రోజే విన్నారు. తేడా యంత్రంలో లేదు, వినడంలో ఉంది.

నా ఉద్యోగమంతా కాగితాల మధ్యే గడిచింది కాబట్టి ఈ వినడం గురించి ఒక మాట చెప్పగలను. ఏ తనిఖీ పుస్తకంలోనైనా మూడు గళ్ళు ఉంటాయి. ఏం కనబడింది, ఏం చెయ్యాలి, ఎవరు ఎప్పుడు చేశారు. మొదటి గడి ఎప్పుడూ నిండుగా ఉంటుంది. చూసినవాడికి రాయడంలో ఇబ్బంది లేదు. రెండో గడి కూడా నిండుతుంది, 'తగు చర్య తీసుకోవలెను' అని. మూడో గడి దగ్గరికి వచ్చేసరికి కలం ఆగిపోతుంది. ఎందుకంటే అక్కడ ఒక పేరు, ఒక తేదీ రాయాలి. పేరు రాస్తే బాధ్యత, తేదీ రాస్తే గడువు. నేను ఒక ఆఫీసులో ఉండగా ఒకే పాత కట్టడం గురించి ఏళ్ళ తరబడి ఒకే వాక్యం మొదటి గడిలో తిరిగి తిరిగి రావడం చూశాను. రాసే చేతిరాత మారేది, వాక్యం మారేది కాదు. సెన్సర్ పెడితే జరిగేదేమిటి? మొదటి గడి ఇంకా వేగంగా నిండుతుంది. నిమిషానికొకసారి నిండుతుంది. మూడో గడి సంగతి దానికి తెలియదు.

ఇంకొన్ని చిక్కులూ ఉన్నాయి. సెన్సర్ పెట్టిన చోటే చూస్తుంది. పక్కన జానెడు దూరంలో సూదిమొనంత గుంట పడి లోతుగా పోతే దానికి తెలియకపోవచ్చు. దాని బ్యాటరీ అయిపోతుంది. సముద్రం పక్కన దాని తీగలకీ తుప్పు పడుతుంది. ఊరికే రెండుసార్లు తప్పుడు హెచ్చరిక ఇచ్చిందంటే మూడోసారి దాన్ని నమ్మేవాడుండడు, సైరన్ నోరు మూయిస్తారు. అందువల్ల సెన్సర్ ఉన్నా మనిషి వెళ్ళి చూడటం మానకూడదు. రెండూ ఒకదానికొకటి సాక్ష్యం.

కొత్త పాంబన్ వంతెన విషయంలో కూడా ఇదే మనం గుర్తుపెట్టుకోవాలి. దానికి తుప్పు పట్టని ఉక్కు కడ్డీలు వాడారు, ప్రత్యేకమైన రంగు వేశారు, రివెట్లు కాకుండా వెల్డింగుతో అతికారు. 72.5 మీటర్ల భాగం లిఫ్టులా నిటారుగా పైకి లేస్తుంది. చూడముచ్చటగా ఉంది, కాదనను. అయినా 2024 నవంబరులో రైల్వే భద్రతా కమిషనర్ తన నివేదికలో తుప్పు నివారణ మీద ప్రశ్నలు లేవనెత్తారు. లేచే భాగం మీద గంటకు 50 కిలోమీటర్లు, మిగతా చోట 75 దాటకూడదని షరతు పెట్టారు. కొత్త వంతెన మీద అలా రాశారేమిటని కొందరు నొచ్చుకున్నారు. నేను సంతోషించాను. ప్రశ్న అడిగేవాడు ఉన్న చోటే వంతెన నిలబడుతుంది.

ఇక పాలకుల్ని నేను అడిగేది ఒకటే. కొలిచిన లెక్క జనానికి కనబడాలి. ఇది కొత్త కోరిక కాదు. మీ వంటింట్లో గ్యాస్ సిలిండరు మెడ దగ్గర చూడండి. ఎ, బి, సి, డి అక్షరాల్లో ఒకటి, పక్కన రెండంకెలు ఉంటాయి. ఎ అంటే జనవరి నుంచి మార్చి, బి అంటే ఏప్రిల్ నుంచి జూన్, అలా. సి 27 అని ఉంటే 2027 సెప్టెంబరు లోపల ఆ సిలిండరుకి మళ్ళీ పరీక్ష జరగాలని అర్థం. రైలు పెట్టె చివర కూడా పెద్ద మరమ్మతు ఎప్పుడు జరిగింది, మళ్ళీ ఎప్పుడు వర్క్‌షాపుకి పోవాలి అని తేదీలు రాసి ఉంటాయి. చదువు రాని సిలిండరు, నోరు లేని రైలు పెట్టె కూడా తమ వయసు, తమ గడువు చెప్పుకుంటున్నాయి. మరి వేలమంది ఎక్కి దిగే స్టేషను పైవంతెన ఎందుకు చెప్పకూడదు? సముద్రపు గాలి తగిలే మన ఊళ్ళో ప్రతి ఇనుప పైవంతెన దగ్గరా చిన్న బోర్డు ఉండాలి. కట్టినప్పుడు మందం ఇంత, చివరిసారి కొలిచింది ఫలానా తేదీ, అప్పుడు ఇంత, మళ్ళీ కొలవవలసింది ఫలానా తేదీ. సెన్సర్లు ఉంటే ఇంకా మేలు, లేకపోయినా ఈ నాలుగు మాటలు రాయడానికి కోట్లు అక్కర్లేదు.

డబ్బు లెక్క అడిగేవాళ్ళకి ఒక అంకె. 2016లో వచ్చిన ఒక అంతర్జాతీయ అధ్యయనం ప్రకారం తుప్పు వల్ల ప్రపంచానికి ఏడాదికి రెండున్నర లక్షల కోట్ల డాలర్ల నష్టం, అంటే ప్రపంచ ఉత్పత్తిలో 3.4 శాతం. ఇప్పటికే తెలిసిన పద్ధతులు సరిగ్గా పాటిస్తే అందులో 15 నుంచి 35 శాతం దాకా మిగులుతుందని కూడా వాళ్ళే రాశారు. కొత్తగా కనిపెట్టనవసరం లేదు, తెలిసింది చేస్తే చాలు.

ఇప్పుడు మన సంగతికి వస్తాను. మన సంఘం భవనం మేడ మీద ఇనుప షెడ్డు. ఆదివారం పిల్లల తెలుగు తరగతి అక్కడే. ఉగాది పంచాంగ శ్రవణం అక్కడే. భోజనాల పంక్తి అక్కడే. కార్యవర్గం పంపిన ఎజెండాలో 'వార్షికోత్సవం లోపల షెడ్డుకు రంగులు' అని ఉంది. రంగు వెయ్యడానికి నేను అడ్డం కాదు. కానీ రంగు వేసే ముందు కొలవాలి అన్నది నా మాట. పైన పటారం, లోన లొటారం అయితే ఆ రంగు మనల్ని కాపాడదు, మన కళ్ళు కప్పుతుంది.

'వర్ధా తుపానుకే నిలబడింది, దీనికేమవుతుంది' అని కొందరు పెద్దలు అంటున్నారు. వర్ధా వచ్చింది 2016 డిసెంబరు 12న. ఆ రోజు నిలబడింది ఆనాటి ఇనుము. ఇవాళ ఉన్నది ఇవాళ్టి ఇనుము. రెండూ ఒకటి కావు. చిన్న లెక్క చూడండి. అంతర్జాతీయ ప్రమాణం ఒకటి ఉంది, ఐఎస్ఓ 9223. ఉప్పుగాలి బాగా తగిలే తీరప్రాంతపు తరగతిలో, రంగు లేని మామూలు ఉక్కు మొదటి ఏడాది 80 నుంచి 200 మైక్రాన్ల దాకా పోతుందని అది చెబుతుంది. వెయ్యి మైక్రాన్లు ఒక మిల్లీమీటరు. తరువాత కాస్త నెమ్మదిస్తుంది, నిజమే. రంగు ఉన్నంతకాలం ఆగుతుంది, అదీ నిజమే. కానీ రంగు లేచిపోయిన చోట, నీళ్ళు నిలిచే చోట, మూడు మిల్లీమీటర్ల గొట్టంలో పదేళ్ళకి పావు వంతు పోయిందంటే ఆశ్చర్యపోనక్కర్లేదు. మన షెడ్డు స్తంభాలు బోలు గొట్టాలు. వాటి లోపలి వైపు ఎవరైనా రంగు వేశారా? వెయ్యలేరు. ట్యాంకు పొంగిన నీళ్ళు రెండు స్తంభాల పాదాల దగ్గర నిలుస్తాయని మేడ ఎక్కే ప్రతివాళ్ళకీ తెలుసు. లోపలికి ఎంత పోయాయో తెలిసినవాళ్ళు ఎవరూ లేరు.

ఇంత చిన్న షెడ్డుకి రాత్రీ పగలూ చూసే సెన్సర్లు పెట్టాలని నేను అనడం లేదు. అది ఎలుకను పట్టడానికి కొండను తవ్వడం అవుతుంది. పాంబన్‌కి పాంబన్ పద్ధతి, మేడ మీద షెడ్డుకి షెడ్డు పద్ధతి. నేను సమావేశం ముందు పెట్టబోయే తీర్మానం ఇది.

ఒకటి. రంగు పని మొదలుపెట్టే ముందు, శబ్దంతో మందం కొలిచే మనిషిని పిలిచి ప్రతి స్తంభం పాదం దగ్గర, నడుమ, పైన కొలిపించాలి. కొలిచిన చోట గుర్తు పెట్టాలి. ఏడాదికి రెండుసార్లు, వానలకు ముందు ఒకసారి, తరువాత ఒకసారి, అదే చోట మళ్ళీ కొలవాలి. అంకెలు రాసిన కాగితం మెట్ల దగ్గర అతికించాలి.

రెండు. ఏ అంకె దాటితే షెడ్డు మూసెయ్యాలో, లెక్క తెలిసిన ఇంజనీరుతో ఇప్పుడే రాయించుకోవాలి. ప్రమాదం తలుపు తట్టినప్పుడు కూర్చుని చర్చించకూడదు. అప్పుడు ఎవరో ఒకరు 'ఈ ఒక్క పండగ కానివ్వండి' అంటారు.

మూడు. ఇదే అన్నిటికంటే ముఖ్యం. ఆ అంకె దాటిన రోజు మేడ తలుపుకి తాళం వేసే అధికారం ఒక మనిషికి ఇవ్వాలి. కమిటీకి కాదు, మనిషికి. పేరు పుస్తకంలో రాయాలి. అధ్యక్షులవారి ఇంటి శుభకార్యమైనా సరే, ఆయన తాళం వేస్తే మనం ఎవరం నొచ్చుకోకూడదు. ఆయన్ని తప్పుపట్టకూడదు. తాళం వేశాక ఇంజనీరు వచ్చి ఏమీ లేదని చెప్పినా ఆయనకి దండం పెట్టి టీ ఇవ్వాలి. రామేశ్వరం దారిలో రైలు ఆపినవాళ్ళకి మనం ఎవరం దండం పెట్టలేదు, కనీసం ఇక్కడైనా అలవాటు చేసుకుందాం.

ఖర్చు ఎంతని కోశాధికారి గారు అడుగుతారు. రంగుల ఖర్చులో చిన్న భాగం. రంగు రెండు నెలలు ఆలస్యమైతే వార్షికోత్సవం ఫొటోల్లో స్తంభాలు కాస్త వెలిసినట్టు కనబడతాయి. కనబడనివ్వండి. ఆ షెడ్డు కింద ఆదివారం పూట కూర్చుని అ ఆలు దిద్దేది మన మనవలూ మనవరాళ్ళూను.

ఆ తాళం చెవి ఎవరి చేతికివ్వాలో మీ అభిప్రాయం కింద రాయండి. పేర్లు సమావేశానికి ముందే వస్తే మంచిది. ఎవరూ ముందుకు రాకపోతే, మోకాళ్ళ నొప్పులున్నా మేడ మెట్లు ఎక్కడానికి నేను సిద్ధం.